ఎవరి కొలతకు కొన్న సైకిల్

“నా కొడుకు కొన్న సైకిలేదే?”

రజిత ట్రాలీ ఆటోలోంచి ఇంకా పూర్తిగా దిగనే లేదు. ఎర్రరంగు వెలిసిపోయిన చిన్న రేసు సైకిలును రెండు చేతులతో ఎత్తిపట్టి ఒక కాలు కింద పెట్టిందో లేదో, అత్త లసుమవ్వ నూలు చుట్టే కండెల మిషన్ ముందు నుంచి లేచి వచ్చి వాకిట్లో అడ్డంగా నిలబడింది.

“నిన్నే అడుగుతున్న. పొద్దుగాల తీస్కవోయింది నల్లది, ఎత్తుది. గిప్పుడు తెచ్చింది ఎర్రది, పొట్టిది. నా కొడుకు కొన్న నల్లదేదే?”

“మార్చిన అత్తా. కోరుట్లల.”

“మార్చినవా! ఎవల నడిగి మార్చినవ్? వాన్ని అడిగినవా? మీ మామను అడిగినవా?”

ఆటో నడిపే అంజి లోకం తెలిసినవాడు. కిరాయి రేపు తీసుకుంటానని చేత్తోనే సైగ చేసి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

లసుమవ్వ గొంతు సంగతి ఆ వాడకంతా తెలుసు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి మరమగ్గాల మోత మీద మాట్లాడి మాట్లాడి గట్టిపడ్డ గొంతు. మామూలుగా ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినా కొత్తవాళ్లు పోట్లాటే అనుకుంటారు. ఇక నిజంగా పోట్లాటకే దిగితే చెప్పేదేముంది! ఎదురింటి సాయవ్వ అప్పుడే బయటికి వచ్చి తీగ మీది బట్టల్ని అటూ ఇటూ సర్దడం మొదలుపెట్టింది. ఆ బట్టలు మధ్యాహ్నమే ఎండిపోయాయి.

“మామా, జర సాంచె చాలు చెయ్యిరాదు” అంది రజిత.

మిగతా ఊళ్లల్లో ఇంటిగుట్టు మాట్లాడుకోవాలంటే తలుపులు వేసుకుంటారు. సిరిసిల్లలో సాంచె, అంటే మరమగ్గం, నడిపిస్తారు. మామ రాములు రేకుల షెడ్డులో తెగిన పోగులు అతుకుతూ కూర్చున్నాడు. కోడలు ఎందుకు అడిగిందో ఆయనకు విడమరచి చెప్పనక్కర్లేదు. లేచి బటన్ నొక్కాడు. ధడాధడా మోత లేచింది. సాయవ్వకు ఇక పెదవులు కదలడం తప్ప ఏమీ దక్కదు. ఒక్క తువ్వాల తీసుకుని ఉసూరుమంటూ లోపలికి పోయింది.

“ఇగ చెప్పు” అంది లసుమవ్వ.

“నల్లది నాకు సరిపోలే అత్తా.”

“సరిపోకపోనికి అదేమన్న జాకెట్టా? రెండు గీరలు, ఒక సీటు. ఎక్కి తొక్కితె నడుస్తది. నడువదా?”

“అది నడుస్తది. నాకే శాతనైతలేదు.”

“మరి గిన్ని నెల్లు ఎట్ల నడిపినవ్?”

ఎలా నడిపిందో రజితకే తెలుసు. హ్యాండిల్ అందుకోవాలంటే ముందుకు బోర్లా పడుకున్నట్టు వంగాలి. ఎల్లారెడ్డిపేట రోడ్డు మీద సగం దూరం పోయేసరికి అరచేతులు తిమ్మిరెక్కి, బ్రేకు పట్టుకుందో లేదో తెలిసేది కాదు. పెడల్ కిందికి పోయినప్పుడల్లా నడుము ఒక పక్కకు జారేది. ఆగాలంటే మరీ భయం. కాలు నేలకు ఆనదు కాబట్టి రోడ్డు పక్కన రాయో, దిబ్బో చూసుకుని ఆగాలి. ఒకనాడు దిబ్బ దొరక్క బర్రెల మంద పక్కన ఆగబోయి, బర్రె మీదే పడింది. బర్రె ఏమీ అనలేదు గానీ దాన్ని కాసే ఆయన మాత్రం, ఆడమనిషికి ఈ సోకులెందుకని పది మంది వినేలా అన్నాడు.

అయినా తెల్లారితే మళ్లీ పోయేది. రోజంతా కండెలు చుడుతూ కూర్చున్న కాళ్లు ఊరికే ఉండనిచ్చేవి కావు. వంట చేస్తున్నా, బట్టలు పిండుతున్నా లోపల ఏదో ఉరుకుతూనే ఉండేది.

ఎల్లుండి ఆదివారం. జగిత్యాలలో ఆడవాళ్ల రోడ్డు రేసు. చుట్టుపక్కల జిల్లాల వాళ్లంతా వస్తారు. గొల్లపల్లి దాకా పోయి తిరిగి రావాలి. ముందు వచ్చినవాళ్లను జట్టులోకి తీసుకుని పై పోటీలకు పంపుతారు. కాలేజీ రోజుల్లో పరుగు పందేల్లో మైకులో పేరు పిలిపించుకున్న పిల్ల రజిత. పెళ్లయ్యాక ఆ పేరు రేషన్ షాపు వాడు తప్ప ఎవరూ గట్టిగా పిలవలేదు. ఈ రేసుకు పేరిచ్చిన నాటి నుంచి ఆమెకు తిన్నది వంటబట్టడం లేదు. నల్ల సైకిలు మీద అయితే సగం దారిలోనే దిగిపోవలసి వస్తుంది. అది ఆమెకు ఖాయంగా తెలుసు.

“వాడు పట్నం వోయి, బస్సు మీదికెక్కించి తెచ్చిండు గాదె దాన్ని!” లసుమవ్వ గొంతు సాంచెను దాటింది. “వాడ మొత్తం జూసింది. పెండ్లానికి రేసు సైకిల్ దెచ్చిండని కొందరు మెచ్చుకున్నరు, కొందరు నవ్విన్లు. నవ్వినోళ్ల నోళ్లు ఎవలు మూపిచ్చిన్లు? నేను గాదా? నా కోడలు తొక్కుతది, మీ కడుపు మంటేందని బజార్ల నిలవడి అడుగలేదా? గిప్పుడు గా ఇజ్జతంత తీస్కవోయి కోరుట్లల ఇడిసిపెట్టచ్చినవా?”

అదీ నిజమే. తిట్టే అత్తను ఎదిరించవచ్చు. వెనకేసుకొచ్చిన అత్తను ఎలా ఎదిరించడం?

“సరిపోలేదని నీకెవలు జెప్పిన్లు?”

“సంధ్యక్క చెప్పింది. షాపాయన చెప్పిండు. వాళ్లెందుకత్తా, నా పెయ్యే చెప్పింది, ఈ నడుమే చెప్పింది.”

* * *

సైకిలు కోసం రజిత తిరగని షాపు లేదు. సిరిసిల్లలో అడిగితే బుట్ట ఉన్న గులాబీ రంగు లేడీస్ సైకిల్ చూపించారు. పోయిన వారం జగిత్యాలలో అడిగితే, “బాబు పొడుగెంతమ్మా?” అన్నాడు షాపాయన. బాబుకు కాదు నాకే అంటే, “మీ సార్‌ను తోలుకరాండ్రి, మాట్లాడుదాం” అన్నాడు. కొత్త రేసు సైకిళ్ల ధరలు వింటేనే కళ్లు తిరిగాయి. ఇక మిగిలింది పాతది, అదీ ఉన్నదానికి బదులు.

జగిత్యాలలో ఆటల టీచరుగా పనిచేసే సంధ్య, రజితకు పెద్దమ్మ బిడ్డ. ఆమే కోరుట్లలో భాస్కర్ షాపు సంగతి చెప్పింది. ఈ పొద్దున రజిత నల్ల సైకిలును వేములవాడ దాకా ఆటోలో, అక్కణ్నుంచి కోరుట్ల బస్సులో తీసుకుపోయింది. “నీకు ఫ్రీ అమ్మా, సైకిల్‌కు ఫ్రీ లేదు” అని కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు. దారి పొడవునా సైకిలు హ్యాండిల్ ఒక ముసలాయన వీపులో గుచ్చుకుంటూనే ఉంది. ఆయన తిడుతూనే ఉన్నాడు. రజిత తప్పయిందంటూనే ఉంది.

సంధ్య అప్పటికే జగిత్యాల నుంచి వచ్చి షాపు ముందు నిలబడి ఉంది.

భాస్కర్ కూడా మొదట గులాబీదే బయటికి లాగాడు. “లేడీస్‌కు గిదే మంచిగుంటది అక్కా. బుట్ట గూడ ఉన్నది, కూరగాయలు తెచ్చుకోవచ్చు.”

“గొల్లపల్లి దాక రేసు వెట్టుకుని టమాటలు కొంటదా?” అంది సంధ్య.

భాస్కర్ నవ్వేసి, లోపల కొక్కేనికి వేలాడుతున్న ఎర్ర సైకిలును దించాడు. దుమ్ము దులిపాడు. ఎవరో ఆడపిల్లకు కొన్నదట, ఆ పిల్ల హాస్టల్‌కు పోతే తెచ్చి ఇచ్చేశారట. రంగు పోయింది, సీటు చిరిగింది. కానీ గీరలు తిప్పితే చప్పుడు లేకుండా తిరిగాయి.

సంధ్య వెనక గీర పట్టుకుంది. రజిత ఎక్కింది. ఎక్కడానికి ఎగరాల్సిన పని లేకపోయింది. చేతులు చాపింది. చాపినంత చాపకముందే హ్యాండిల్ అందింది, మోచేతులు కొంచెం వంగి హాయిగా నిలిచాయి. వేళ్లు బ్రేకును పూర్తిగా చుట్టుకున్నాయి. పెడల్ కిందికి పోయినా నడుము కదల్లేదు.

“ఎట్లున్నది?” అంది సంధ్య.

“ఇడువక్కా” అని, మెట్‌పల్లి రోడ్డు మీదికి తిప్పింది. లారీలు, ట్రాక్టర్లు పక్క నుంచి పోతున్నాయి. ఆమెకు వాటి మోత వినిపించలేదు. కాళ్లు తొక్కుతున్నాయి, సైకిలు పోతోంది, రెంటికీ మధ్య తగాదా లేదు. ఇన్ని నెలలుగా తన చేతులే బలహీనమనుకుంది, తన నడుమే కుదురులేనిదనుకుంది, వయసు దాటాక ఈ పిచ్చేమిటని తన్ను తాను తిట్టుకుంది. తప్పు తన ఒంటిది కాదు! ఆ మాట పైకే అనేసింది. ఎదురుగా మోపెడ్ మీద వస్తున్న ఆయన తననే ఏదో అన్నదనుకుని తిరిగి చూశాడు.

తిరిగొచ్చేసరికి షాపు ముందు భాస్కర్ అటూ ఇటూ తిరుగుతున్నాడు. “సైకిల్ తీస్కోని వోయిన్లనుకున్న అక్కా” అన్నాడు. తర్వాత నల్ల సైకిలు చుట్టూ తిరిగి చూశాడు. “గిది ఆరు ఫీట్ల మనిషి సైకిల్. మీకెవలు కొనిచ్చిన్లు? సీటు సూడుండ్రి, ఎంత మీదికున్నదో.”

“దినాం నేను కిందికి దించుత. మల్ల తెల్లారెటాల్లకు మీదికి జరుగుతది. స్క్రూ లూజున్నట్టున్నది.”

“లూజయితె సీటు కిందికి జారుతది గని మీదికెట్ల జారుతదక్కా?”

రజిత ఆ మాట పట్టించుకోలేదు. ఆమె చూపంతా ఎర్ర సైకిలు మీదే ఉంది. మొగుడికి చెప్పలేదని భాస్కర్‌తో అంటూనే నల్లది షాపులో పెట్టి, పైన ఇవ్వాల్సింది తన కండెల కూలి లోంచి ఇచ్చి, ఎర్రదాన్ని పట్టుకుని బస్సెక్కింది. మొగుణ్ని అడగాలన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది. కానీ అడిగితే కారణం చెప్పాలి. కారణం చెప్తే కాటికి పోయిన కన్నతండ్రిని, బాపును, బజారుకీడ్చాలి.

* * *

“సరిపోకపోవుడేంది మరి?” లసుమవ్వ వదిలేలా లేదు. “నీ ఎత్తు జెప్పే గదా వాడు కొన్నది. ఐదు ఫీట్ల నాలుగించులు. నా ఇంట్ల కూసుండి మీ బాపు నోటితోటి చెప్పిన ఎత్తే గదా!”

ఇదిగో, ఇక్కడికే వస్తుందని రజితకు తెలుసు.

సంబంధం మాట్లాడిన రోజుల్లో లసుమవ్వ కట్నం దగ్గర పట్టుబట్టలేదు, కులపోళ్ల మాటలూ పట్టించుకోలేదు. ఒక్కటే అడిగింది. తన కొడుకు ఎత్తరి, పిల్ల కూడా ఎత్తుగా ఉండాలి. ఐదూ నాలుగుకు తగ్గొద్దు. రజిత బాపు తడుముకోకుండా ఐదూ నాలుగే అన్నాడు. చూడవచ్చిన నాడు కాలు బెణికిందని చెప్పి పిల్లను చాప మీద కూర్చున్నచోటి నుంచి లేపనే లేదు. తర్వాత పెళ్లయిపోయింది. ఆ ఇంట్లో పొద్దున లేస్తే గజాలు, మీటర్లు కొలుస్తూనే ఉంటారు. కోడల్ని మాత్రం ఎవరూ కొలవలేదు.

నల్ల సైకిలు తెచ్చిన రోజు మొగుడు జగదీశ్ అందరి ముందూ చెప్పాడు, ఐదూ నాలుగని చెప్పే కొన్నానని. పెద్దదయిందని అంటే ఆ మాట ఎక్కడికి పోతుందో రజితకు తెలుసు. అందుకే నోరు మూసుకుని తొక్కింది. తిమ్మిరెక్కిన చేతులు పిండుకుంటూ, చచ్చిపోయిన బాపును మనసులో ఎన్ని మాటలన్నదో. ఆ ఒక్క అబద్ధం ఎందుకాడినవే బాపూ, నీ అబద్ధం నా నడుం ఇరుస్తున్నదే, అని.

“మాట్లాడవేందే?”

రజిత ఎర్ర సైకిలును గోడకానించింది. షెడ్డు గుమ్మంలో బట్ట కొలిచే మీటరు కట్టె ఉంది. దాన్ని తెచ్చి అత్త చేతిలో పెట్టింది. గోడకు వీపు ఆనించి నిలబడింది.

“కొలువు అత్తా.”

“ఏంది?”

“నన్ను కొలువు. మడిమెలు గోడకే ఉన్నయి, సూస్కో.”

లసుమవ్వ కట్టె వంక, కోడలి వంక చూసింది. కొలవలేదు. కొలవాల్సిన అవసరం కనబడలేదేమో.

“ఐదూ ఒకటి” అంది రజిత. “కాలేజీల ఆటలప్పుడు రాసుకున్నరు. గప్పటి సంది ఒక్క ఇంచు గూడ పెరుగలే. మా బాపు అబద్ధం చెప్పిండు. నీకు మొక్కుత, ఆయన్ను మాత్రం ఏమనకు. పిల్లకు మంచి ఇల్లు దొరుకుతున్నదని ఆశపడ్డడు.”

లసుమవ్వ తిట్టి ఉంటే బాగుండేది. కట్టెను జాగ్రత్తగా తీసుకుపోయి దాని చోట పెట్టింది. వచ్చి కండెల మిషన్ ముందు కూర్చుంది, చుట్టడం మాత్రం మొదలుపెట్టలేదు.

“నేను ఒక్కటే అడిగిన” అంది చివరికి, ఎవరితోనో అన్నట్టు. “గదొక్కటే అడిగిన. గది గూడ లేదని ఇన్నేండ్లు నాకు చెప్పకపోతిరి.”

లేచి లోపలికి వెళ్లి మంచం మీద అటు తిరిగి పడుకుంది. పొద్దున కాచిన చాయ్ కూడా తాగలేదని రజిత అప్పుడు గమనించింది. వెనక వెళ్లాలా, వద్దా? వెళ్లి ఏమంటుంది? వాకిట్లోనే నిలబడిపోయింది.

* * *

జగదీశ్ తాను పనిచేసే సేటు మగ్గాల షెడ్డు నుంచి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మూల మీదే ఎవరో చెప్పి ఉంటారు. సాయవ్వకు అంత ఓపిక ఉంటుంది మరి. వస్తూనే గోడ పక్క ఎర్ర సైకిలు దగ్గర ఆగాడు. రాములు సాంచె ఆపేశాడు. కొడుకు ఏమంటాడో వినాలని ఆయనకూ ఉండదా?

జగదీశ్ టైరు వేలితో నొక్కి చూశాడు. బ్రేకు పట్టి చూశాడు. నల్లా దగ్గర కూర్చుని చేతులూ మొహం కడుక్కున్నాడు. రజిత తువ్వాల ఇచ్చింది. తుడుచుకుంటూ తలెత్తకుండా అడిగాడు.

“నల్లది ఏడున్నది?”

“కోరుట్లల. భాస్కర్ అని, ఆయన షాపుల.”

“అమ్మిండా?”

“తెల్వది. నువ్వు కొన్నదాన్ని చెప్పకుంట ఇచ్చిన. నీకు కోపమస్తె తిట్టు. గని జెర నా మాట ఇను. నేను ఐదూ నాలుగు కాదయ్యా. మా బాపు గప్పుడు...”

“నాకెర్కే.”

“ఏమెర్క?”

“నీ ఎత్తు. పెండ్లి నాడే ఎర్క. దండ ఏసేటప్పుడు నీ చేతులు నా మెడ దాక రాలే. నేనే కిందికి వంగిన. అందరు నవ్విన్లు, యాదికి లేదా?”

రజితకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్లు గుండె మీద మోసిన బండ! ఈయనకు మొదట్నుంచీ తెలుసట. తెలిసీ ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు, అవ్వకు చెప్పలేదు. ఎంత మంచోనివయ్యా అనబోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుని ఆయన పక్కనే చప్టా మీద కూర్చుంది.

కూర్చున్నదేమో గానీ మనసు మాత్రం కూర్చోలేదు.

“మరి ఎర్కుంటె” అంది మెల్లగా, “ఐదూ నాలుగని చెప్పి ఎందుకు కొన్నవ్?”

“అవ్వ ముందల ఏమో ఒకటి చెప్పాలె గదా.”

“అవ్వ ముందల సరే. షాపుల ఎందుకు చెప్పినవ్?”

“షాపుల చెప్పలే.”

“మరి వాళ్లకేం చెప్పినవ్?”

జగదీశ్ తువ్వాలను మడతపెట్టాడు. మళ్లీ విప్పాడు. షెడ్డులో రాములు దగ్గి, ఆ దగ్గు మధ్యలోనే ఆపుకున్నాడు.

భాస్కర్ అన్న మాట రజితకు అప్పుడు తగిలింది. మీదికెట్ల జారుతదక్కా. రాత్రి డ్యూటీలున్న నెలల్లో జగదీశ్ తెల్లవారుజామున ఇంటికొచ్చి, చాయ్ తాగొస్తానని మళ్లీ బయటికి పోయేవాడు. వచ్చేసరికి చొక్కా చెమటతో తడిసి ఉండేది. షెడ్డులో ఉక్క అనేవాడు.

“సీటు నువ్వే ఎత్తుతున్నవు గదా?” అంది.

అతను తలూపాడు. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. “చిన్నప్పటి సంది సైకిలంటె నాకు పానం రజితా. బాపు ఎన్నడు కొనియ్యలే. మా తోటి పోరగాండ్లు కిరాయి సైకిల్ తొక్కుతుంటె వెనుక ఉరికేటోన్ని. పట్నంల గా నల్లదాన్ని జూసి ఆగలేకపోయిన. నాకోసం కొన్ననంటె వాడోళ్లు ఊకుంటరా? సాంచాల మీద పనిచేసేటోనికి రేసు సైకిల్ కావల్నా అంటరు. అవ్వ గూడ అంటది. నీకు కొన్ననంటె ఎవ్వలు ఏమనలే. నీకు గూడ తొక్కుడు ఇష్టమే గదా అనుకున్న. ఇద్దరం తొక్కుదుము అనుకున్న.”

“ఇద్దరమా?”

“తప్పే. చెప్పాల్సుండె.”

“నా చేతులు తిమ్మిర్లు వడుతున్నయని నీకు చెప్పిన. చెప్పిన్నా లేదా? అలవాటైతదన్నవు. కిందవడ్డ. దెబ్బ సూసి పసుపు వెట్టినవు. పసుపు వెట్టుకుంట గూడ చెప్పలేదేమయ్యా?” రజిత గొంతు లేచింది. సాంచె మోత లేదని ఆమెకు గుర్తులేదు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. తెరుచుకుంటే తెరుచుకోనీ! “నా పెయ్యే సక్కగ లేదనుకున్న. మా బాపును తిట్టుకున్న. సచ్చినోన్ని, నోరులేనోన్ని, దినాం తిట్టుకుంట తొక్కిన. ఆయన అబద్ధానికి గీ గోస అనుకున్న. గిది ఆయన అబద్ధం గాదు, నీది!”

జగదీశ్ తల దించుకున్నాడు.

“మరి నాకు కొన్నదేది?” అంది రజిత.

ఆమె చేతిలో ఫోను మోగింది. భాస్కర్. తీసి స్పీకర్ నొక్కింది. దాచడానికి ఇంకేం మిగిలిందని?

“అక్కా, నేను భాస్కర్‌ను. మీ నల్ల సైకిల్‌కు గిరాకి అచ్చిండు. మెట్‌పల్లాయన. గిప్పుడే కొంటవోత అంటుండు. మీ ఆయనకు చెప్పకుంట ఇచ్చినన్నరు గదా, అందుకే మల్ల ఒక్కసారి అడుగుతున్న. ఇయ్యాల్నా, ఆపాల్నా?”

రజిత మొగుడి మొహం చూసింది. అతను ఫోను వైపే చూస్తున్నాడు. ఆ చూపు ఆమెకు తెలియనిది కాదు. పొద్దున కోరుట్లలో ఎర్ర సైకిలును తానూ అలాగే చూసింది. ఒక్క క్షణం ఆమెకు జాలేసింది కూడా. నల్లది అమ్మేయమని తానే చెప్పేయవచ్చు. ఒక్క మాట. కానీ ఈసారి ఆ మాట ఆయన నోట రావాలి.

“సైకిల్ ఆయనది భాస్కర్. ఆయన్నే అడుగు” అని ఫోను జగదీశ్ చేతిలో పెట్టింది.

అతను దాన్ని చెవి దాకా తీసుకుపోవడానికి చాలాసేపు పట్టింది. లోపల మంచం కిర్రుమంది, లసుమవ్వ లేచి కూర్చున్నట్టుంది.

“అన్నా, లైన్ల ఉన్నరా?”

“ఆఁ. ఉన్న.”

“ఏం చెయ్యమంటరు?”

జగదీశ్ షెడ్డు వైపు తిరిగాడు. “అమ్మకున్రి, ఆపుండ్రి” అన్నాడు.

“గట్లనా. మంచిది. గని అన్నా, రెండు సైకిళ్లు నేనియ్యలేను గదా. మరి గా ఎర్రదాన్ని రేపు తెచ్చిస్తరా?”

వెనక్కి తిరిగి, “రజితా, ఆదివారం అయినంక తెచ్చిస్తమని చెప్త, సరేనా?” అన్నాడు.

చప్టా మీద రజిత లేదు. గోడ పక్కన సైకిలు లేదు. గుమ్మంలోకి వచ్చిన లసుమవ్వ కొడుకును చూడకుండా, తెరిచి ఉన్న గేటు వైపు చూస్తోంది. జగదీశ్ ఫోను పట్టుకునే బజారులోకి ఉరికాడు. కోడలు మూల తిరిగి వేములవాడ రోడ్డెక్కుతోందని సాయవ్వ కిటికీలోంచి చేత్తో చూపించింది.

“అన్నా” భాస్కర్ ఇంకా అడుగుతూనే ఉన్నాడు, “రేపు తెస్తరు గదా?”

ఆ రోడ్డే జగిత్యాలకూ పోతుంది.